అల్లే చెయ్యి, రాసే చెయ్యి

వదిన పుట్టిల్లు నరసాపురం దగ్గర. పెళ్ళయి నెల్లూరు జిల్లా మైపాడు పక్క పల్లెకు వచ్చి పాతికేళ్ళు దాటింది. ఆడపడుచు ఆమె భర్తకు ఆఖరి చెల్లెలు. అదే ఊళ్ళో కాపురం, ఇద్దరు చిన్న పిల్లలు, మొగుడికి రొయ్యల గుంటలు. ఆడపడుచుకు క్రోషా సూది పట్టుకోవడం నేర్పింది వదినే. సరదాగా మొదలైన పని బొమ్మలకి, చంటిపిల్లల గౌన్లకి పాకింది. ఇప్పుడు ఆమె అల్లినవి అమ్మడం తగ్గించి, ఎలా అల్లాలో వరసవరసకీ లెక్క రాసి, ఆ రాసినదాన్ని ఫైలుగా అమ్ముతోంది. దాన్నే ప్యాటర్న్ అంటారు. వదినకు ఇది నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో నేను ఊహించింది ఒకటి, ఆమె చెప్పింది ఇంకొకటి. ఆ చెప్పినదాని కోసమే ఈ సంవాదం రాస్తున్నాను.

వేట నిషేధం నడుస్తున్న రోజులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలు కడలిలోకి పోకూడదు. వీధి పొడుగునా వలలు పరిచి బాగుచేసుకుంటున్నారు.

వదిన: ఏంటమ్మా, ఉద్యోగంలో చేరావంట? మీ అన్నయ్య చెప్పారు.

ఆడపడుచు: ఉద్యోగం కాదు వదినా, పని. బొమ్మ అల్లి అమ్మితే ఆ ఒక్క బొమ్మకే డబ్బు. దాన్ని ఎట్టా అల్లాలో రాసి పెడితే ఎంతమంది కొంటే అన్నిసార్లు డబ్బు. రాసేది మాత్రం ఒక్కసారే గదా.

వదిన: ఇంటిపట్టున ఉండి, పిల్లల్ని చూసుకుంటూ, ఖాళీ వేళల్లో. అంతేనా?

ఆడపడుచు: అంతే. అందులో తప్పేముండాది?

వదిన: ఆ మూడు మాటలే నాకు గిట్టవు. మా అమ్మకీ అవే చెప్పారు. ఇంటిపట్టునే కదా, పిల్లల్ని చూసుకుంటూనే కదా, ఖాళీ వేళే కదా అని. మా నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు వైపు ఏ ఇంటికెళ్ళినా లేసే. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీ దొరసానులు తెచ్చిన విద్య. మొదట కొత్తగా క్రైస్తవం పుచ్చుకున్న పేదిళ్ళలోకి వచ్చింది, తర్వాత ఘోషా ఉన్న ఇళ్ళల్లోకి పాకింది. పొలం పనికి వెళ్తే పరువు తక్కువ. గడప దాటకుండా నాలుగు డబ్బులొచ్చేది ఇదొక్కటే. ఏజెంటు దారం ఇచ్చి వెళ్ళేవాడు, మళ్ళీ వచ్చి అల్లినవి పట్టుకెళ్ళేవాడు. పువ్వులు ఒకళ్ళింట్లో, వాటిని కలిపే అతుకుపని ఇంకొకళ్ళింట్లో. తను అల్లిన పువ్వులు ఏ బల్లగుడ్డ మీదికి చేరాయో మా అమ్మ చాలా ఏళ్ళు చూడనే లేదు. జనాభా లెక్కలవాళ్ళొచ్చి మీరేం చేస్తారమ్మా అంటే, ఏం లేదు బాబూ, ఇంట్లోనే ఉంటాను అనేది. ఆ మాట అంటున్నప్పుడు కూడా చేతిలో సూది ఆడుతూనే ఉండేది.

ఆడపడుచు: దాని మీద జర్మనీ ఆమె రాసిన పుస్తకం చదివినా వదినా. మరియా మీస్. నరసాపురం లేసు పనివాళ్ళ మీదే, 1982లో వచ్చింది. అల్లింది దేశదేశాలకి పోతుండినా వాళ్ళు తమని పనివాళ్ళుగా ఎంచుకోలా, గృహిణులమే అనుకున్నారు అని రాసింది.

వదిన: అనుకోలేదు, అనిపించారు. గృహిణి అన్నారంటే రోజుకూలీ ఇవ్వక్కర్లేదు. పనిగంటలు లెక్కపెట్టక్కర్లేదు. పొద్దున్న వంటయ్యాక మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా అల్లిన మనిషిది పని కాదంట, కాలక్షేపమంట. అంచేత ఇంట్లో కూర్చుని చేసుకునే పని అని నువ్వు మురిసిపోతుంటే నాకు గుండె ఝల్లుమంటోంది.

ఇదీ నేను ఊహించని కారణం. పిల్లల్ని వదిలేసి ఇదేం పని అంటుందనుకున్నాను. ఆమె అభ్యంతరం సరిగ్గా దానికి ఎదురు. ఇల్లు, పిల్లలు, సంపాదన ఒకే చాప మీద కూర్చుంటే ముందు నలిగిపోయేది సంపాదనే అని ఆమె నమ్మకం. కళ్ళారా చూసి కుదుర్చుకున్న నమ్మకం.

ఆడపడుచు: సరే, ఒక్కటి అడుగుతా. మీ అమ్మ చేతిలో ఏముండింది? సూది. ఏజెంటు వెనక ఉండే షావుకారు చేతిలో ఏముండింది? నమూనా, కొనేవాడి అడ్రసు. ఈ మూడిట్లో డబ్బు దేన్నిబట్టి వచ్చింది? సూదినిబట్టి కాదు గదా. అట్టాంటప్పుడు నమూనా నేనే తయారుచేసి, కొనేవాళ్ళకి నేనే చేరేస్తే మీ అమ్మ గతి నాకెందుకు పడతాది?

వదిన: కొనేవాళ్ళ అడ్రసు నీ దగ్గర ఉందా? ఆన్‌లైన్‌లో అమ్మిపెట్టే ఆ ఎట్సీ వాళ్ళ దగ్గర ఉంది. వాళ్ళేమీ తీసుకోరా?

ఆడపడుచు: తీసుకుంటారు. సరుకు ఒకటి పెడితే 20 సెంట్లు, అమ్ముడైతే నూటికి ఆరున్నర. డబ్బు మార్చేదానికి ఇంకొంత. ప్యాటర్న్ నాలుగైదు డాలర్లు. అయితే ఎంత పట్టుకున్నారో రూపాయితో సహా నాకు కనిపిస్తుండాది. మీ ఏజెంటు ఎంతకి అమ్మినాడో మీ అమ్మకి ఎప్పుడన్నా తెలిసిందా?

వదిన: లేదు. అది మాత్రం ఒప్పుకుంటాను.

ఆడపడుచు: ఇంకో సంగతి. 2025 ఆగస్టులో అమెరికావాళ్ళు మన సరుకు మీద సుంకం నూటికి యాభై చేసినారా లేదా? రొయ్యల రేటు పడిపోయి మా ఆయన గుంట ఎండబెడదామా అన్నాడు. అదే అమెరికాలో ఆ నెల్లోనే నా ఏనుగుపిల్ల ప్యాటర్న్ కొన్నారు. దానికి కంటైనర్ లేదు, ఐసు లేదు, రేవు లేదు, సుంకం లేదు. లేసు బల్లగుడ్డ పోవాలంటే అదీ పెట్టెలో పోవాల్సిందే గదా. కాగితం మీది లెక్కకి ఆ బాధ లేదు.

వదిన: బాగానే ఉంది. మరి ఇక్కడివాళ్ళకి ఏం చేస్తున్నావు? ఈ ఎండల్లో ఉన్ని టోపీలు అల్లి ఎవరి నెత్తిన పెడతావు?

ఈ ప్రశ్న తేలికగా తీసేసేది కాదు. అల్లిక అనగానే స్వెట్టరు, ఉన్ని, రెండు పొడుగు సూదులు గుర్తొస్తాయి మనకు. నెల్లూరు గొర్రెకే ఉన్ని లేదు. పల్ల, జోడిపి, దొర అని మూడు రకాలు. దేశంలోకెల్లా ఎత్తయిన గొర్రె అని పేరు. ఒంటి మీద ఉండేది పొట్టి వెంట్రుకలే, మాంసం కోసమే పెంపకం. ఈ తీరంలో అల్లిక అంటే నూలు దారం, ఒంటి కొక్కెం సూది. చంటిపిల్లలకు ఉక్కపోయని గౌను, గాలాడే టోపీ, కూరగాయల జాలీసంచి. చలిదేశాల పుస్తకాలు ఈ ఉక్కని దృష్టిలో పెట్టుకుని రాసినవి కావు. ఆడపడుచు బలం నాకు ఇక్కడే కనిపించింది.

ఆడపడుచు: ఉన్ని ముట్టుకోను వదినా. మెత్తటి నూలే. మే నెల్లో బిడ్డ పుడితే ఏం వేస్తాం? చంక కింద గాలి ఆడేటట్టు జాలీ కుట్టు, మెడ దగ్గర గుండీ లేకుండా నాడా. అట్టాంటిది నేను వెతికితే దొరకలా, అందుకే రాసుకున్నా. సింగపూర్ నుంచి కొన్నారు, కేరళ నుంచి కొన్నారు. ఉక్క అందరికీ ఒకటే గదా.

వదిన: రాసుకున్నా, రాసుకున్నా అంటావు. చేతిపట్టు రాస్తే వస్తుందా? నీకు నేను కాగితం మీద నేర్పానా? నా పక్కన కూర్చుని, నా వేళ్ళు చూసి నేర్చుకున్నావు.

ఆడపడుచు: నీ పక్కన కూర్చోలేని వాళ్ళకి ఎట్టా?

వదిన: పోనీ, రాసి చూపించు. ఒక గుండ్రం. చదునుగా పడుకోవాలి.

ఆడపడుచు నోటుపుస్తకం తెచ్చింది. ఆమె రాసినదాన్ని రాసినట్టే చెబుతాను, ఎందుకంటే ఈ పని ఎంత సన్ననిదో ఇక్కడే తెలుస్తుంది. మొదట దారపు ఉచ్చులో 6 సింగిల్ కుట్లు. రెండో వరసలో ప్రతి కుట్టులో రెండేసి, మొత్తం 12. మూడో వరసలో ఒకదానిలో ఒకటి, పక్కదానిలో రెండు, మళ్ళీ ఒకటి, మళ్ళీ రెండు, మొత్తం 18. నాలుగులో రెండు కుట్లు మామూలుగా అల్లి మూడోదానిలో రెండు; 24. వరసకి ఆరు చొప్పున పెరిగితే గుండ్రం బల్ల మీద చదునుగా పడుకుంటుంది. పెంచడం ఆపేస్తే అంచులు పైకి లేచి గిన్నె అవుతుంది. ఆరుకి మించి పెంచుతూపోతే అంచు మడతలు పడి కుచ్చిళ్ళలా ఊగుతుంది. బొమ్మ తల కావాలంటే 36 దాకా పెంచి, కొన్ని వరసలు అంతే ఉంచి, తర్వాత పెంచినట్టే తగ్గించుకుంటూ రావాలి. అదే డబుల్ కుట్టయితే ఎత్తు ఎక్కువ గనక వరసకి 12 చొప్పున పెరగాలి.

వదిన: ఇది నాకు తెలీదనుకున్నావా?

ఆడపడుచు: నీ చేతికి తెలుసు. నువ్వు అంచు లేస్తుంటే ఒక కుట్టు ఎక్కువ వేస్తావు, మడతలు పడుతుంటే ఒకటి తగ్గిస్తావు. కొన్నామె పోలండులో ఒంటరిగా కూర్చుని ఉండాది. ఆమెకి నీ చెయ్యి లేదు. నా కాగితమే ఉండాది. ఆమె చెయ్యి బిగువైతే బొమ్మ చిన్నదవుతాది, వదులైతే లోపలి దూది బయటికి కనిపిస్తాది. అందుకని 10 సెంటీమీటర్ల చదరంలో ఎన్ని కుట్లు పడాలో, ఎన్ని వరసలు పడాలో ముందే రాస్తా. ఇంగ్లండువాళ్ళు డబుల్ అనేది అమెరికావాళ్ళకి సింగిల్. ఏ దేశం లెక్కో మొదటి పేజీలోనే చెప్తా. జపానువాళ్ళ మాదిరి గుర్తులతో బొమ్మ గీస్తా. గౌనయితే మూడు నెలల బిడ్డకి, ఆర్నెల్ల బిడ్డకి, ఏడాది బిడ్డకి లెక్క మళ్ళా వేరువేరు. అల్లేదానికి పట్టే పొద్దు కంటే ఈ లెక్కకి పట్టేదే ఎక్కువ.

వదిన: ఆ లెక్క పిల్లల్ని చూసుకుంటూ చేస్తున్నావా?

ఆడపడుచు ఈ ఒక్క ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేదు.

వదిన: నే చెప్పనా? అదిగో వీధిలో వల కడుతున్నాడు చూడు. ప్రతి కన్నుకీ ముడి వేస్తాడు. మధ్యలో ఎవరైనా పిలిస్తే లేచిపోతాడు. ఒక కన్ను తెగినా తక్కిన వల నిలుస్తుంది. మన అల్లికకి ముడే లేదు. ఒక ఉచ్చు ఇంకో ఉచ్చుని పట్టుకుని ఉంటుంది, అంతే. నీ చిన్నాడు వచ్చి కొస లాగాడంటే వరసకి వరస ఊడొచ్చేస్తుంది. అయినా అది నయం. ఊడినచోటు నుంచి మళ్ళీ అల్లుకోవచ్చు. అమ్మ కూడా అందుకే అల్లగలిగింది. అన్నం వార్చి వచ్చి అల్లేది, పిల్లాణ్ణి జోకొట్టి వచ్చి అల్లేది. కానీ నువ్వు చేసేది లెక్క. 27, 28 అని పెడుతుండగా అమ్మా నీళ్ళు అన్నాడంటే ఆ లెక్క పోయినట్టే. పోయిందని నీకు తెలిసేది ఆ పోలండు ఆమె తల గిన్నెలా వచ్చింది అని ఉత్తరం రాసినప్పుడు. అల్లడం పిల్లల మధ్య కుదిరింది. రాయడం కుదరదు. నువ్వేమో పిల్లల్ని చూసుకుంటూనే రాసుకుంటున్నాను అని ఊరంతా చెబుతున్నావు.

ఇంత సూటిగా ఈ తేడా చెప్పినవాళ్ళను నేను వినలేదు. ఇంటి నుంచి సంపాదించే ఆడవాళ్ళ గురించి పత్రికల్లో రాసేవాళ్ళం, నాతో సహా, చెయ్యి చేసే పనినీ తల చేసే పనినీ ఒకే గాటన కడుతుంటాం. ఒకటి తెగినా అతుకుతుంది, రెండోది అతకదు.

ఆడపడుచు: పిల్లలు పండుకున్నాక రాస్తుండా.

వదిన: అంటే నీ నిద్ర తీసి పెడుతున్నావు. దాని ఖరీదు ప్యాటర్న్‌లో కలిపావా?

ఆడపడుచు: వదినా, ఎలిజబెత్ జిమ్మర్‌మన్ అని ఉండింది. ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడింది. ముగ్గురు పిల్లల తల్లి. స్వెట్టరు గుండ్రంగా, అతుకు లేకుండా అల్లే పద్ధతి రాసి అచ్చు కోసం పంపితే, అక్కడివాళ్ళు దాన్ని ముక్కలుగా అల్లి కుట్టే పద్ధతికి మార్చి అచ్చేసినారు. ఆమెకి కడుపు మండి, నా రాత నేనే అచ్చేసుకుంటా అని 1958లో సొంత పత్రం మొదలుపెట్టింది. ఉన్ని, పుస్తకాలు ఇంటి నుంచే అమ్మింది. 1971లో పుస్తకం వచ్చింది. ఛాతీ కొలతకి వచ్చే కుట్లని నూరు అనుకుంటే చెయ్యికి ఎంత, మెడకి ఎంత అని నూటికి ఇంత చొప్పున లెక్క కట్టింది. ఇప్పటికీ అల్లేవాళ్ళు ఆ లెక్కే వాడుతుండారు. ఆమె పిల్లలూ పెరిగినారు గదా.

వదిన: ఆ తల్లికి దణ్ణం. నేను అడిగేది ఆమె చెయ్యగలిగిందా అని కాదు. నీకు రోజుకి రెండు గంటలు తలుపు వేసుకునే గది ఉందా అని. ఆ రెండు గంటలు పిల్లలు ఎవరి దగ్గర?

ఆడపడుచు: మా ఆయన గుంట కాడికి పోతాడు. ఏరేటర్లు చూసుకోవాలి, మేత వెయ్యాలి.

వదిన: సాయంత్రం మేత వేశాక?

ఆడపడుచు: అరుగు మీద కూర్చుంటాడు.

వదిన: ఆ అరుగు మీదకి పిల్లల్ని తోలు. ఇది నాకు ఖాళీ వేళ కాదు, పనివేళ అని చెప్పు. చెప్పలేకపోతే ఈ పని మానెయ్. నువ్వు చెప్పలేనంత కాలం నువ్వూ మా అమ్మవే, ఫోను పట్టుకున్న మా అమ్మవి.

ఆడపడుచు: చెప్తా. మా అమ్మ చెప్పలా? ఈ జిల్లా ఆడవాళ్ళకి చెప్పడం కొత్తా? దూబగుంటలో సారా కొట్టు మూయించింది ఆడవాళ్ళు గాదా? పెద్దోళ్ళకి చదువు నేర్పే అక్షరదీపం బళ్ళో ఆడవాళ్ళు ఏకమైతే అనే పాఠం చదివి గదా కదిలినారు. 1993కి సారానే పోయింది. దాని వెనకే ఆడవాళ్ళు పొదుపు కట్టే పొదుపులక్ష్మి వచ్చింది. మా అమ్మ రోజుకో రూపాయి కట్టింది. ఆ రూపాయి ఆమె పేరు మీద ఉండింది గాబట్టే మా నాయన నోరు మూసుకున్నాడు. నా ప్యాటర్న్ డబ్బు కూడా నా ఖాతాలోనే పడుతుండాది, ఇంటి ఖాతాలో కాదు.

వదిన: ఇది మంచి మాట. ముందే చెప్పొద్దూ?

(పక్కనుండి చెబుతున్నాను: వదిన ఇక్కడ మెత్తబడిందని అనుకున్నాను. మెత్తబడలేదు.)

వదిన: అది సరే. ఆ గౌను అంచు ఎక్కడిది?

ఆడపడుచు: ఏ అంచు?

వదిన: ఐదు చైన్లు పైకి తీసి, మూడు చైన్లతో చిన్న ఉచ్చు వేసి, మళ్ళీ కిందికి దింపే అంచు. చివర ప్రతి కొండ మీదా మొగ్గ ఉంటుందే, అది. అది నీకు నేను నేర్పాను. నాకు మా అమ్మ నేర్పింది. ఇప్పుడు దాని కింద నీ పేరు వేసి అమ్ముతున్నావు.

ఆడపడుచు: కుట్టు ఎవరి సొత్తూ కాదు వదినా. చట్టం కూడా అదే చెప్తాది. 1957 కాపీరైట్ చట్టం కింద నేను రాసిన రాత, గీసిన బొమ్మ నావి. నేను బతికినంత కాలం, నా తర్వాత 60 ఏళ్ళు. అల్లిన వస్తువు రూపం కాపాడుకోవాలంటే 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేయించాలి. పదేళ్ళు ఉంటాది, ఇంకో ఐదేళ్ళు పెంచుకోవచ్చు. చైను, సింగిల్, మొగ్గ, వీటి మీద ఎవరికీ హక్కు లేదు. నేను నా పేరు పెట్టింది నా లెక్కకి, నా రాతకి.

వదిన: చట్టం గురించి నేనడగలేదు. మా అమ్మ పేరు లేకపోవడం గురించి అడిగాను.

ఆడపడుచు: మీ అమ్మకి ఎక్కడి నుంచి వచ్చింది?

వదిన: ఏజెంటు తెచ్చిన ముక్క చూసి పట్టింది. ఆ ముక్క ఏ దేశపు పుస్తకంలోదో. అల్లి అల్లి మొగ్గ మాత్రం తనే మార్చింది. అక్కడ నాలుగు చైన్లుండేవంట, ఉతికితే వేలాడిపోతోందని మూడు చేసింది. ఆ ఒక్క చైను మా అమ్మది.

ఆడపడుచు: ఆ సంగతి నాకెప్పుడన్నా జెప్పినావా?

వదిన: నువ్వెప్పుడు అడిగావు? మా అమ్మని షావుకారూ అడగలేదు. ఇప్పుడు నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ, వచ్చింది, 2024లో. సంతోషమే. ఆ ప్రాంతం బయట చేసినదాన్ని నరసాపురం లేసని అమ్మకూడదు. కానీ ఆ గుర్తింపు ఊరి పేరుని కాపాడుతుంది, ఆ మూడో చైను వేసిన మనిషి పేరుని కాదు. రుస్తుంబాదలో అంతర్జాతీయ లేసు కేంద్రం కట్టారు, ఆ గోడ మీదా మా అమ్మ పేరు ఉండదు. నీ కాగితం మీద మాత్రం ఉండొచ్చు కదా, కాగితం నీదే కదా.

ఆడపడుచు: రాస్తా. అంచు మా వదిన వాళ్ళమ్మ నుంచి, ఫలానా ఊరు అని రాస్తా. మొగ్గకి నాలుగు కాకుండా మూడు చైన్లు ఎందుకో కూడా రాస్తా. నిజానికి అది కొనేవాళ్ళకి కావాల్సిన మాటే. ఉతికినాక అంచు నిలబడతాది అని.

ఈ ఒక్క మాటతో వాదం ముగిసి ఉంటే నేను ఇంత దూరం రాసేదాన్ని కాదు. వదిన ఆ నోటుపుస్తకం తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగింది. అక్కడ ఐదారుగురి పేర్లు, ఊళ్ళు, తేదీలు ఉన్నాయి.

వదిన: వీళ్ళెవరు?

ఆడపడుచు: టెస్టర్లు. ప్యాటర్న్ అమ్మకానికి పెట్టేముందు నాలుగైదు చేతులు దాన్ని అల్లి చూడాలి. ఎక్కడ లెక్క తప్పిందో, ఎక్కడ అర్థం కాలేదో చెప్తారు. ఒకామె గుంటూరు, ఒకామె చెన్నై, ఇంకొకామె డల్లాస్‌లో ఉండే తెలుగామె. చెన్నై ఆమె 2016లో గిన్నిస్ రికార్డు కోసం అల్లిన దుప్పట్లో కూడా చదరాలు అల్లింది. 11,148 చదరపు మీటర్ల పైచిలుకు దుప్పటి వదినా, ఆడవాళ్ళు పోగేసినారు.

వదిన: ఎంతిస్తావు వాళ్ళకి?

ఆడపడుచు: ప్యాటర్న్ ఉచితంగా ఇస్తా. ఫొటో పెట్టినప్పుడు పేరు చెప్తా.

వదిన: దారం?

ఆడపడుచు: వాళ్ళదే.

వదిన: గౌను అల్లడానికి ఎన్నాళ్ళు పడుతుంది?

ఆడపడుచు: తీరుబాటుని బట్టి వారం, పది రోజులు. వదినా, ఇది అంతటా ఉండే పద్ధతే. పెద్ద పెద్ద డిజైనర్లు కూడా టెస్టర్లకి డబ్బివ్వరు. వాళ్ళకి సరదా. ఖాళీ వేళల్లో...

ఆ మాట దగ్గర ఆమే ఆగిపోయింది.

వదిన: ఊఁ, చెప్పు. ఖాళీ వేళల్లో, ఇంటిపట్టున, పిల్లల్ని చూసుకుంటూ. మా షావుకారు దారమైనా ఇచ్చేవాడే.

ఆడపడుచు: వాళ్ళు ఇష్టపడే వచ్చినారు. బలవంతం ఏమీ లేదు.

వదిన: మా అమ్మనీ ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఇష్టంగానే అల్లేది. చివరి రోజుల్లో చూపు ఆనకపోయినా వేళ్ళతో తడుముకుని అల్లేది. ఇష్టం ఉన్నవాళ్ళకి కూలీ అక్కర్లేదు అన్నది ఆ ఊళ్ళో వ్యాపారం నడిచిన సూత్రం. నువ్వు నమూనా నీ చేతిలోకి తెచ్చుకున్నావు. మంచిదే. కానీ నమూనా చేతిలో ఉన్నవాళ్ళు చేసేదే నువ్వూ చేస్తున్నావు.

ఆడపడుచు: నేను షావుకారుని కాదు వదినా! నెలకి నాకొచ్చేదెంత? ఒక్కో గౌనుకి ఐదుగురికి కూలీ ఇస్తే నాకేం మిగలదు. నేనూ వాళ్ళలాంటి ఆడదాన్నే గదా. ఇంకో సంగతి చూడు. నా కాగితం కొన్నామె తన బిడ్డ కోసం తనే అల్లుకుంటాది. నరసాపురంలో చేసేది ఒకరు, వాడుకునేది ఒకరు, మధ్యన తినేది ఒకరు. నా పనిలో చేసేదీ వాడుకునేదీ ఒకటే మనిషి. అది మాత్రం న్యాయమైన బేరం.

వదిన: ఆ బేరం న్యాయమైనదే. నేను కాదనను. టెస్టరు బేరం గురించి మాట్లాడుతున్నాను. ఆమె తనకోసం అల్లడంలేదు. నీ లెక్కలో తప్పు వెతకడానికి అల్లుతోంది. అది నీ పని. నీ పని ఆమె చేస్తే ఆమెకి ఏదో ఒకటి రావాలి.

ఇద్దరిలో ఎవరిది సరి అని నన్ను అడిగితే, టెస్టర్ల విషయంలో వదినదే. డబ్బు మిగలదన్నది నిజమే. మిగలని డబ్బు ఎవరి వాటాలోంచి తగ్గాలన్నదే అసలు ప్రశ్న, ఆ ప్రశ్నకు ఈ రంగంలో అలవాటుగా వస్తున్న జవాబు తప్పు. అల్లిక నమూనాలు రాసేవాళ్ళు ప్రపంచమంతటా ఎక్కువమంది ఆడవాళ్ళే, వాటిని పరీక్షించేవాళ్ళూ ఎక్కువమంది ఆడవాళ్ళే. వీళ్ళు వాళ్ళకు ఇవ్వనిది బయటివాళ్ళెవరో తెచ్చి ఇవ్వరు. అలాగని ఆడపడుచు చెప్పిన రెండో మాటను వదిన చాలినంత పట్టించుకోలేదని కూడా నాకు అనిపించింది. కూలికి అల్లేవాళ్ళు లేని వ్యాపారం చిన్న సంగతి కాదు. మన చేతిపనుల్లో అలాంటిది చాలా అరుదు. వెంకటగిరి మగ్గం దగ్గర కూడా కండెలు చుట్టే ఇల్లాలి పని చీర ధరలో విడిగా కనిపించదు.

ఆడపడుచు: డబ్బు ఇప్పుడే ఇవ్వలేను. ఒక పని చేస్తా. ప్యాటర్న్ అమ్మిన మొదటి మూడు నెలల్లో వచ్చినదాంట్లో నూటికి ఇరవై పక్కన పెడతా. టెస్టు చేసినవాళ్ళు సమానంగా పంచుకుంటారు. అమ్ముడుకాకపోతే ఎవరికీ రాదు, నాక్కూడా.

వదిన: దారం?

ఆడపడుచు: దారం నేను పంపిస్తా. దూరదేశంలో ఉండేవాళ్ళకి దారం డబ్బు పంపిస్తా.

వదిన: ఎంతమందిని పెడతావు?

ఆడపడుచు: ఐదుగురు ఎక్కువ. ముగ్గురు చాలు. బిగుతు చెయ్యి ఒకటి, వదులు చెయ్యి ఒకటి, అసలు కొత్తగా నేర్చుకుంటున్నది ఒకటి.

వదిన: బిగుతు చెయ్యి నాది. మా అమ్మది ఇంకా బిగుతు. ఆర్నెల్ల బిడ్డ కొలత ఇటివ్వు. అంచు కాడ మొగ్గకి మూడు చైన్లని రాశావా? దాని పక్కనే, దారం మెత్తనిదైతే రెండు చాలని కూడా రాయి. మూడు వేస్తే చంటిదాని మెడకి గుచ్చుకుంటుంది.

ఆడపడుచు: అది మీ అమ్మ చెప్పిందా?

వదిన: కాదు. అది నాది. దాని పక్కన నా పేరు వెయ్యి.